గ్యాస్ ఎక్కడికి పోయింది?

క్యాంపస్ సెలక్షన్లలో నన్ను ఇరికించిన ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ‘మీ ఇంట్లో కారుందా? దాని ఏసీ సరిగా చల్లగా రావడం లేదనుకోండి, ముందు ఏం చూస్తారు?’ అని అడిగారు. ఎదురుగా కూర్చున్నాయనకి యాభై దాటి ఉంటాయి, చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక చిన్న టార్చి. నేను తడుముకోకుండా ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది సార్, పట్టించాలి’ అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ‘అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? ఎక్కడికి పోయింది?’ అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. రిఫ్రిజరేషన్ సబ్జెక్టులో నాకు 80 పైన మార్కులు. హెచ్1, హెచ్2, హెచ్3 విలువలు పట్టికలో చూసి సీఓపీ లెక్క కట్టమంటే పది నిమిషాల్లో కట్టేవాణ్ణి. కానీ ఆ లెక్కలో తిరిగే ద్రవం బయటికి పోయే వస్తువు కాదని, మూసిన గొట్టాల్లో అదే పదార్థం మళ్లీమళ్లీ తిరుగుతుందని, తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని ఆ గదిలో తట్టలేదు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. పెద్దగా బాధపడలేదు కూడా, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయాను. ప్రశ్న మాత్రం వదల్లేదు.

ఆ ఏడాది వేసవి సెలవులకి ఊరెళ్తే మా బాబాయి కారులో అదే కథ నడుస్తోంది. పదేళ్లనాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. ఏటా ఏప్రిల్ రాగానే ఒక షెడ్డుకి వెళ్లి గ్యాస్ పట్టించడం, రెండువేలు ఇచ్చి రావడం, జూలైకల్లా మళ్లీ వేడి గాలి. వానలు పడతాయి కాబట్టి పట్టించుకోరు. మళ్లీ ఏప్రిల్. అప్పటికి అలా మూడేళ్లు. ‘ఏంటి బాబాయ్, చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నావా?’ అన్నాను. ‘ఇంజినీరింగ్ చదివింది నువ్వు కదరా, చిల్లెక్కడుందో నువ్వే చెప్పు’ అన్నాడు. మాట పడింది కాబట్టి బోనెట్ ఎత్తక తప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఆ కారు దగ్గర నేను నేర్చుకున్నదే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను. నా వాదన ముందే చెప్పేస్తాను. ఇంట్లో కారు ఏసీకి గ్యాస్ నింపుకోవడం నేర్చుకోనక్కర్లేదు, ఆ పని చేయకండి కూడా. ఎందుకు చల్లబడటం లేదో ఇంట్లోనే కనిపెట్టడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి. యూట్యూబ్ వీడియోలు మొదటిదాన్నే చూపిస్తాయి. ఉద్యోగానికి పనికొచ్చేది రెండోది.

ముందు యంత్రం సంగతి. మీకు మట్టికుండ తెలుసు, ప్రెషర్ కుక్కర్ తెలుసు. కారు ఏసీ ఈ రెండూ కలిపినదే. కుండ పైపొరలోంచి నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని పట్టుకుపోతుంది. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీరు 100 డిగ్రీలకి మరగదు, ఇంకా పైకి పోవాలి. అంటే ఒత్తిడి మారిస్తే మరిగే ఉష్ణోగ్రత మన చేతిలోకి వస్తుంది. ఇప్పుడు నీటి స్థానంలో ఆర్-134ఏ అనే పదార్థం పెట్టండి. మామూలు వాతావరణ ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. ఏసీ తిరుగుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఒత్తిడి దాదాపు 30 పీఎస్‌ఐ ఉంటుంది. ఆ ఒత్తిడిలో అది సున్నాకి ఒకటి రెండు డిగ్రీల పైన మరుగుతూ, మన ముఖమ్మీదికొచ్చే గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. మరి ఆ వేడిని బయట పారెయ్యాలి కదా. బయట మే నెల, 42 డిగ్రీలు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది కాబట్టి మన గ్యాస్ 42 కంటే వేడెక్కాలి. కంప్రెసర్ చేసేది ఆ పనే. 200 పీఎస్‌ఐకి నొక్కితే ఆ గ్యాస్ 55 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతూ, బంపర్ వెనకున్న కండెన్సర్ ద్వారా వేడిని 42 డిగ్రీల గాలికి ఇచ్చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి కూడా వేడి అంటించే సత్తా ఇలా వస్తుంది.

ఇది నాకు పరీక్షలో తెలుసు, చేతికి తెలియదు. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక రిఫ్రిజరేషన్ టెస్ట్ రిగ్ ఉండేది. ముప్పైమందిమి దాని చుట్టూ నిలబడి, పోయినేడు సీనియర్ల రికార్డులోని రీడింగులే ఎక్కించుకున్నాం. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుందని, తిరిగి దానిలోకి వెళ్లే లావు గొట్టం చెమటలు పట్టేంత చల్లగా ఉంటుందని బాబాయి కారు దగ్గరే తెలిసింది. తాకి చూడండి, కాకపోతే ఇంజిన్ తిరుగుతుండగా బెల్టు, ఫ్యాను దగ్గరికి చెయ్యి, చున్నీ, మెడలో ఐడీ కార్డు తాడు ఏవీ పోనివ్వకండి. ఏసీ వేసి పది నిమిషాలయ్యాక లావు గొట్టం చల్లగా, సన్నగొట్టం వెచ్చగా ఉంటే చక్రం తిరుగుతున్నట్టే. రెండూ ఒకేలా ఉంటే కంప్రెసర్ నొక్కడం లేదు, లేదా నొక్కడానికి లోపల ఏమీ లేదు.

ఇక వెతకడం. షెడ్డుకి వెళ్లి ‘ఏసీ చల్లగా రావట్లేదు’ అంటే చాలాచోట్ల మొదటి మాట గ్యాసే. నిజానికి అది చివర్న రావాల్సిన మాట. గాలి వేగమే తక్కువగా ఉంటే, గ్యాస్ జోలికి పోకముందు గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. బాబాయి కారులోది తీస్తే ఎండుటాకులు, కోడి ఈక ఒకటి, ఇంకా ఏదో. ఆ ఫిల్టర్ అనేదొకటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

గాలి బాగా వస్తోంది, చల్లదనమే లేదంటే ఎప్పుడు లేదో గమనించండి. నన్నడిగితే మొత్తం పనిలో బంగారంలాంటి మెట్టు ఇది, పైసా ఖర్చులేదు. సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి, హైవే ఎక్కితే చల్లగాలి వస్తోందా? అయితే అనుమానం కండెన్సర్ మీద, దాని ఫ్యాను మీద. బండి కదిలితే గాలి దానంతటదే తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఫ్యాను తిరగకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు పట్టుంటే ఇంజిన్ చల్లారాక మామూలు గొట్టంతో మెల్లగా నీళ్లు పట్టి కడగాలి. సర్వీసింగ్ స్టేషన్ ప్రెషర్ గన్‌తో కొడితే ఆ పలుచటి రెక్కలు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. అలాక్కాదు, మొదట్లో బాగా చల్లగా వచ్చి అరగంటకి గాలే తగ్గిపోయి, ఏసీ కాసేపు ఆపి వేస్తే మళ్లీ బాగుంటోందా? కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోందన్నమాట. ఎప్పుడూ ఎక్కడా చల్లగా లేదంటే, ఏసీ బటన్ నొక్కినప్పుడు కంప్రెసర్ దగ్గర ‘టక్’మని క్లచ్ పట్టుకున్న చప్పుడు వస్తోందో లేదో వినండి. క్లచ్ ఉన్న కార్లలోనే ఇది, కొత్త కార్లు కొన్నిట్లో క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి. చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, వైరు, చివరికి గ్యాస్.

ఆ ప్రెషర్ స్విచ్ గురించి ఒక మాట. గ్యాస్ మరీ తగ్గితే అది కంప్రెసర్‌ని తిరగనివ్వదు. కొందరు ఒక వైరు ముక్కతో దాన్ని దాటించేసి ‘చూశారా, తిరుగుతోంది’ అంటారు. కంప్రెసర్‌కి కావాల్సిన నూనె గ్యాస్‌తో కలిసే గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాస్ లేకుండా తిప్పితే నూనె కూడా రాదు, లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. రెండువేలతో పోయేది పాతికవేల దాకా పోవచ్చు. మీ ముందు ఎవరైనా అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

గ్యాస్‌తో పాటు నూనె తిరుగుతుందన్న ఈ సంగతే నాకు చిల్లు చూపించింది. లీకున్న చోట గ్యాస్ కనిపించదు, ఎగిరిపోతుంది. దానితో బయటికొచ్చిన నూనె చుక్క మాత్రం అక్కడే ఉండి దుమ్ముని పట్టుకుంటుంది. అందుకని గొట్టాలన్నీ ఒక కొస నుంచి టార్చి వేసి చూసుకుంటూ పోయాను. మిగతా గొట్టాలన్నీ పొడి దుమ్ము, కండెన్సర్‌లోకి గొట్టం చేరే ఒక్క జాయింటు దగ్గర మాత్రం నల్లగా జిడ్డు. ఇంజిన్ ఆపి, సబ్బునీళ్లు గిన్నెలో చిక్కగా కలిపి పాత టూత్‌బ్రష్‌తో పూశాను. పది క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఒక బుడగ, దాని పక్కన ఇంకోటి, చాలా నెమ్మదిగా. బాబాయిని పిలిచి చూపించాను. ఆయన ఆ బుడగకేసి చాలాసేపు చూసి, ‘మూడేళ్ల నుంచి నా ఆరువేలు ఇందులోంచే పోయాయా’ అన్నాడు.

లోపం ఆ జాయింటులోని రబ్బరు ఓ-రింగు. దాని ఖరీదు టీ ఖర్చంత ఉంటుంది. అన్ని లీకులూ ఇంత సులువుగా దొరుకుతాయని అనను. డ్యాష్‌బోర్డు లోపలి కాయిల్ కారితే సబ్బునీళ్లు అందవు, ఎలక్ట్రానిక్ డిటెక్టరో, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగో కావాలి. అసలు లీకే లేని కారూ ఉండదు. రబ్బరు గొట్టాలలోంచి, కంప్రెసర్ షాఫ్టు సీలులోంచి ఏడాదికి కొన్ని గ్రాములు ఊరుతూనే ఉంటాయి. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ వేయమనేది అందుకే, సీలు నూనెతో తడిగా ఉంటుంది. పదేళ్ల కారులో కాస్త తగ్గడం వేరు, మూడు నెలలకే ఖాళీ అవడం వేరు.

లీకు దొరికిన ఉత్సాహంలో నేనొక తప్పు చేశాను, దాచుకోను. ఓ-రింగు మార్పించాక, షెడ్డుకి వెళ్లడమెందుకని నేనూ ఒక ఫ్రెండూ కలిసి ఆన్‌లైన్‌లో గ్యాస్ డబ్బా, చిన్న గేజి ఉన్న గొట్టం తెప్పించాం. వీడియో చూస్తూ గేజిలో పచ్చగీత వచ్చేదాకా పట్టాం. మొదట చల్లగా వచ్చింది. ఇంకాస్త పడితే ఇంకా చల్లగా వస్తుందనుకుని ఇంకాస్త పట్టాం. అరగంట తర్వాత కంప్రెసర్ పట్టుకోవడం, వదిలేయడం, పట్టుకోవడం, వదిలేయడం. గాలి ముందుకంటే వెచ్చన. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిలిచిపోయి వేడి వదలడానికి చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది, హై ప్రెషర్ స్విచ్ ఆపేస్తుంది. మా అదృష్టం కొద్దీ స్విచ్ పనిచేసింది. మర్నాడు ఆటోనగర్‌లో ఏసీ పని మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఐటీఐలో రిఫ్రిజరేషన్ ట్రేడు చేసినాయన. మేం చేసింది చెప్తే తిట్టలేదు, ‘తమ్ముడూ, మీ ఇంట్లో సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో గేజి పెట్టి చూస్తారా?’ అని మాత్రం అడిగాడు.

ఆ ఒక్క మాటతో థర్మోడైనమిక్స్‌లో నాకు అరకొరగా ఉన్న ఒక పాఠం అర్థమైపోయింది. వంటగ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా, పావు ఉన్నా లోపల ఒత్తిడి దాదాపు ఒకటే. ద్రవం, ఆవిరి పక్కపక్కన ఉన్నంతసేపు ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రత, పరిమాణం కాదు. అందుకే సిలిండర్ తెచ్చినవాడు కాటాకి వేలాడదీసి చూపిస్తాడు, అమ్మ తడిగుడ్డతో తుడిచి ఎక్కడిదాకా తడి ఆరలేదో చూస్తుంది. కారు ఏసీ కూడా అంతే. రాత్రంతా ఆగి ఉన్న కారుకి తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర గేజి పెడితే 97 పీఎస్‌ఐ అటూఇటూ చూపిస్తుంది. లోపల 200 గ్రాములున్నా అంతే, 400 ఉన్నా అంతే. 50కో 60కో పడిపోయిందంటే మాత్రం ద్రవమే మిగల్లేదని అర్థం. మీరు స్టీమ్ టేబుల్స్‌లో ‘శాచ్యురేటెడ్ మిక్చర్’ అని గీత గీసుకుని చదివింది ఇదే. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు గేజి వేరే చాలా సంగతులు చెప్తుంది, ‘ఎంత గ్యాస్ ఉంది’ అన్నది మాత్రం చెప్పలేదు. చిన్న కార్లలో మొత్తం పట్టేది అరకిలో లోపే. అసలు అంకె బోనెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసుంటుంది. పాత గ్యాస్ అంతా తీసి, తూచి, ఆ అంకె మేరకు నింపడమొక్కటే సరైన పద్ధతి.

తూకమొక్కటే కాదు, వ్యాక్యూమ్ కూడా ఉంది. గొట్టం ఒక్కసారి విప్పామంటే లోపలికి గాలి, దాంతో తేమ పోతాయి. ఆ తేమ సన్నటి ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు ముక్కై దారి మూయగలదు, నూనెతో కలిసి ఆమ్లం తయారు చేయగలదు. అందుకే పంపు పెట్టి లోపలి ఒత్తిడిని వాతావరణ ఒత్తిడిలో ఇరవయ్యో వంతు కంటే బాగా కిందికి దించుతారు. అంత తక్కువ ఒత్తిడిలో నీరు 30 డిగ్రీలకే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తుంది. మళ్లీ అదే కుక్కర్ సూత్రం, తలకిందులుగా. అరగంట లాగాక పంపు ఆపి, ముల్లు కదలకుండా నిలబడిందా అని కాసేపు చూస్తారు. కదిలితే ఇంకా లీకున్నట్టే. మేం డబ్బా పట్టినప్పుడు ఈ మెట్టే లేదు. గాలి మీద గ్యాస్ నింపాం.

ఇంట్లో నింపొద్దనడానికి ఇంకా కారణాలున్నాయి. ద్రవం చర్మమ్మీద పడితే మంచు కాల్చేస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పొరపాటున హై ప్రెషర్ వైపు డబ్బా తగిలిస్తే ఆ ఒత్తిడికి డబ్బా పేలుతుంది. అలా జరక్కూడదనే ఆర్-134ఏ కార్లలో లో సైడు కప్లర్ 13 మిల్లీమీటర్లు, హై సైడుది 16 మిల్లీమీటర్లు పెట్టారు, అయినా ఏదో అడాప్టర్‌తో తగిలించేవాళ్లున్నారు. చౌకగా వస్తోందని వంటగ్యాస్ జాతి గ్యాసులు పట్టేవాళ్లూ ఉన్నారు. చల్లదనం బాగానే వస్తుంది. గుద్దుకున్న రోజున ఆ మండే గ్యాస్ మన సీటు ముందే ఉంటుంది.

గాల్లోకి వదిలేయడం సంగతి మనవాళ్లు అసలు లెక్కపెట్టరు. పాత ఆర్-12 ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని పక్కనపెట్టారు. వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ని ముట్టదు కానీ వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1430 రెట్లు. ఒక చిన్న కారులోని 400 గ్రాములు ‘బుస్’మని వదిలితే 570 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు, అంటే సుమారు 250 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. బాబాయి కారు మూడు వేసవులు అదే చేసింది. ఇలాంటి గ్యాసులు తగ్గించాలన్నదే 2016 కిగాలీ సవరణ, మన దేశం 2021లో ఆమోదించింది. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఏ వాడకూడదు, ఆర్-1234వైఎఫ్ లాంటివి వచ్చాయి. మనకీ మార్పు తప్పదు, మారినప్పుడు తెలిసినవాళ్లు కావాలి.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మా క్లాస్‌మేట్ ఒకడు ఇది విని వాదించాడు. ‘ఇక్కడ పాత కారు కొనుక్కున్న ప్రతి స్టూడెంటూ స్టోర్‌లో క్యాన్ కొని తనే పట్టుకుంటాడు, షాపుకి వెళ్తే ఎంతవుతుందో తెలుసా’ అని. నిజమే, అక్కడ కూలి ఖరీదు. కానీ అక్కడ కూడా ఆ చిన్న క్యాన్లకి 2018 నుంచి తనంతట తానే మూసుకునే వాల్వు ఉండాలన్న నిబంధన పెట్టారు, కావాలని గాల్లోకి వదలడం చట్టవిరుద్ధం, డబ్బు తీసుకుని కారు ఏసీ బాగుచేయాలంటే 609 సర్టిఫికెట్ ఉండాలి. అయినా వాడు ఏటా క్యాన్ కొంటూనే ఉన్నాడు. చిల్లెక్కడుందో వాడూ చూడలేదు.

ఇంతకీ ఇది ఉద్యోగాల పేజీ. కారు ఏసీ గోల మాకెందుకు అంటారా? కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌లో 2025లో ఏసీ తప్పనిసరి చేశారు. ఇన్నాళ్లు కార్లకే పరిమితమైన ఈ గొట్టాలు ఇప్పుడు లారీల్లో తిరుగుతాయి, అవీ కారుతాయి, ఎక్కడో హైవే మీద ఆగుతాయి. ఎలక్ట్రిక్ కార్లలో సంగతి ఇంకా ముదిరింది. చాలావాటిలో మన చల్లదనానికీ, బ్యాటరీ చల్లదనానికీ అదే రిఫ్రిజరెంట్. అక్కడ కంప్రెసర్ హై వోల్టేజీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పారనివ్వని పీఓఈ నూనె వాడతారు. మామూలు కారులో వాడే పీఏజీ నూనె అలవాటుగా పోశారో, ఇన్సులేషన్ దెబ్బతిని బండి మొరాయిస్తుంది. నారింజరంగు వైర్లున్న బండిని ఇంట్లో ఎవరూ ముట్టుకోకండి, అది శిక్షణ ఉన్నవాళ్ల పని. ఆ శిక్షణ తీసుకునేవాళ్లలో మీరెందుకు ఉండకూడదు అనేది నా ప్రశ్న. గుంటూరు మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలు, గోదావరి జిల్లాల్లో రొయ్యల ప్లాంట్లు, హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీలు, డేటా సెంటర్లు... తిరిగే పదార్థం వేరు కావచ్చు, చాలా కోల్డ్ స్టోరేజీల్లో అది అమోనియా. చక్రం మాత్రం బాబాయి కారులో ఉన్నదే. 2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్షమంది సర్వీసింగ్ టెక్నీషియన్లకి శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారంటే ఎంతమంది కావాలో చూడండి.

ఇక్కడ మన బీటెక్‌వాళ్ల జబ్బు ఒకటి చెప్పాలి. స్పానర్ పట్టుకోవడం ఐటీఐ వాళ్ల పని అనుకుంటాం. వాళ్లకి చేతుల్లో ఉన్నది మనకి తలలో ఉండాలి, మనకి తలలో ఉన్నది వాళ్లకి అడిగితే చెప్పగలగాలి, అప్పుడే ఏ ప్లాంటైనా నడుస్తుంది. ఆ ఆటోనగర్ అన్నకి ‘శాచ్యురేషన్’ అన్న మాట తెలియకపోవచ్చు. విషయం మాత్రం నాకంటే ముందే తెలుసు. నాకు మాట తెలుసు, విషయం తెలియదు. ఇంటర్వ్యూలో ఎవరు నెగ్గుతారో చెప్పండి.

కాబట్టి ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే డబ్బులు కాస్త పక్కన పెట్టండి. మీ ఇంట్లోదో, మావయ్యదో, పక్కింటి అంకుల్‌దో చల్లబడని కారు ఒకటి దొరక్కపోదు. ఒక వంటింటి థర్మామీటర్ మధ్య వెంటులో పెట్టి పదిరోజులు రాసుకోండి: బయట ఎంత, లోపల ఎంత, బండి ఆగి ఉందా, నడుస్తోందా. గొట్టాలు తాకి చూసింది, జిడ్డు కనిపించింది ఫొటో తీసి పెట్టుకోండి. కారణం మీరు ఊహించాక మెకానిక్ దగ్గరికి వెళ్లి పక్కనే నిలబడండి. నింపేముందు లీకు టెస్టు చేశారా, వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, పాత గ్యాస్ ఎన్ని గ్రాములు బయటికొచ్చింది, కొత్తది ఎన్ని గ్రాములు ఎక్కించారు, నూనె ఎంత పోశారు అని అడగండి. గ్యాస్ తీసి తూచే మెషిన్ ఉన్న చోటికే వెళ్లండి. అడిగితే విసుక్కునేవాళ్లు ఉంటారు, వదిలేసి పక్క షెడ్డుకి వెళ్లడమే. చెప్పాలని చూసేవాళ్లు అంతకంటే ఎక్కువమందే ఉంటారు, ఇన్నాళ్లు వాళ్లని ఎవరూ అడగలేదంతే.

రెజ్యూమెలో ‘ఛాలెంజింగ్ పొజిషన్ కోసం చూస్తున్నాను’ అన్న ఆ మొదటి లైను తీసేసి, ‘మూడేళ్లుగా ఏటా గ్యాస్ పట్టిస్తున్న కారులో కండెన్సర్ జాయింటు లీకు కనిపెట్టాను, బాగుచేశాక వెంటు ఉష్ణోగ్రత ఇంత నుంచి ఇంతకి తగ్గింది’ అని రాసుకోండి. కోర్ కంపెనీలో అడిగేవాడు ఆ లైను దగ్గర ఆగుతాడు. తర్వాతి ఇరవై నిమిషాలు మీకు తెలిసిన విషయం మీదే నడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేవాళ్లకీ చెప్తున్నాను, నేను ఇప్పుడు చేసే పనిలో సగం ఇదే. సర్వర్ నెమ్మదించింది, రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది, వారానికి మళ్లీ నెమ్మదిస్తుంది. మెమరీ ఎక్కడికి పోతోందో చూడకుండా వారం వారం రీస్టార్ట్ చేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. దాన్ని కూడా లీకు అనే అంటారు.

బాబాయి కారుకి ఆ తర్వాత గ్యాస్ పట్టించలేదు. మొన్న ఫోన్ చేస్తే ఏసీ బాగానే ఉంది, బ్లోయర్ మూడో నంబరులో పెడితే ఏదో గరగరమని చప్పుడొస్తోంది అన్నాడు. నాలుగో నంబరులో రావడం లేదట. పండక్కి వెళ్లినప్పుడు గ్లవ్ బాక్స్ విప్పి చూడాలి.